పియానో ఎవరిది?

విద్యార్థి రోజుల్లో చేసిన ఉపన్యాసాలు చాలావరకు మరిచిపోయాను. అవి మరిచిపోదగినవే గనక విచారం లేదు. కాని ఒక్కటి మాత్రం ఎంత ప్రయత్నించినా మరపుకు రాదు. 1973లో మా విజయనగరంలో విద్యార్థుల సాహిత్య సభ ఒకటి జరిగింది. "సంగీతమూ, వర్గస్వభావమూ" అనే విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. అప్పుడు నాకు ఇరవయ్యేళ్లు. పాశ్చాత్య సంగీతం విన్నది రెండుమూడు సార్లు, అదీ రేడియోలో. అయినా పియానో మీద పది నిమిషాలు ధాటిగా మాట్లాడాను. అది ధనికుల హాల్లో పెట్టుకునే అలంకార వస్తువన్నాను. దాని తెల్లమెట్లు చచ్చిన ఏనుగుల దంతాలన్నాను. పని లేనివాళ్లను జోకొట్టడానికి పుట్టిన యంత్రమన్నాను. రేపటి సమాజానికి దాని అవసరం వుండదని కూడా తీర్పు చెప్పాను. చప్పట్లు బాగా పడ్డాయి.

సభ చివర, తలుపు దగ్గర, మా నాన్న నిలబడి వున్నాడు. ఆయన వడ్రంగి. పని ముగించుకుని ఇంటికి పోతూ నన్ను కూడా తీసుకుపోదామని వచ్చాడు. భుజాన పనిముట్ల సంచీ వుంది. దారిలో సగందూరం ఏమీ మాట్లాడలేదు. తరవాత అన్నాడు:

"ఆ పెట్టె సేసినోడు కూడా నాలాటోడే గదరా. ఆడినెందుకు తిట్టినావు?"

నేను వాణ్ణి తిట్టలేదనీ, దాన్ని కొనుక్కునేవాణ్ణి తిట్టాననీ అన్నాను. "మరి ఆడి పేరు సెప్పనేదేటి?" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

మా నాన్న ఆ ప్రశ్న వూరికే వెయ్యలేదు. అంతకు కొద్దినెలల ముందు ఆయన ఒక పియానోకు మరమ్మతు చేశాడు. మిషను వారి బడి ఒకదానిలో లండనులో తయారైన పాత పియానో వుండేది. దాని కాలు ఒకటీ, కింది పలకా చెదలు తినేశాయి. ఆ పని మా నాన్నకు అప్పగించారు. పనిముట్లు అందించడానికి నేను వెంట వెళ్లాను. కింది పలక వూడదీసి లోపలికి చూసి, ఆయన చాలాసేపు పని మొదలుపెట్టలేదు. లోపల అతుకులు ఎక్కడున్నాయో వేలితో తడిమి చూశాడు. ఎవరూ చూడని చోట కూడా చిత్రిక పట్టి వుండడం నాకు చూపించాడు. ఆ పూట మెట్లు కూడా తీయవలసి వచ్చింది. మొదటి మెట్టు పక్కన పెన్సిలుతో ఏదో రాసి వుంది. "ఏటుంది, సదువు" అన్నాడు. ఇంగ్లీషులో రెండు పొడి అక్షరాలు, పక్కన చెరిగిపోయిన సంవత్సరం. ఎవరో పనివాడు వేసుకున్న గుర్తని చెప్పాను. మూతమీద కంపెనీ యజమాని పేరు బంగారు అక్షరాలతో వుంది. మా నాన్నకు చదువు రాదుగాని, రెండింటిలో ఏది ఎవరిదో అడగకుండానే తెలిసింది.

ఇంత తెలిసి కూడా నేను ఆ ఉపన్యాసం చేశాను. యజమానిని చూశాను, పనివాణ్ణి చూడలేదు. ఇది నా ఒక్కడి పొరపాటే అయితే ఈ వ్యాసం రాయవలసిన పని లేదు. కళను గురించి మాట్లాడేటప్పుడు మనలో చాలామంది ఈ పొరపాటే చేస్తారు. ఒక వస్తువు ఎవరి ఇంట్లో వుందో చూసి దాని వర్గస్వభావం తేల్చేస్తాం. అది ఎవరి చేతుల్లోంచి వచ్చిందో అడగం. ఆ విషయం నాకు నచ్చజెప్పింది సిద్ధాంత గ్రంథం కాదు, ఒక పియానో కంపెనీ చరిత్ర. అదే స్టైన్‌వే కంపెనీ. ప్రపంచంలో పెద్ద సంగీత సభలు జరిగే చోట వేదికమీద కనిపించే పియానో చాలావరకు వీళ్లదే. ఈ చరిత్ర చదవడానికి ఒక సౌకర్యం కూడా వుంది. యజమానులలో ఒకడైన విలియం స్టైన్‌వే 1861 నుంచి 1896లో తాను పోయేదాకా దినచర్య రాసుకున్నాడు. వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ సంస్థవారు దాన్ని భద్రపరిచారు. యజమాని దినచర్య మ్యూజియంలో వుంటుంది; పనివాడి చేవ్రాలు మెట్టు పక్కన పెన్సిలుతో వుంటుంది. చరిత్రకు ఆధారాలు ఎలా మిగులుతాయో చూడండి.

ఈ కంపెనీ మూలపురుషుడు హైన్రిష్ స్టైన్‌వెగ్ 1797లో జర్మనీలో హార్ట్స్ కొండల ప్రాంతాన పుట్టాడు. కొయ్యపనివాడు. జేసెన్ అనే చిన్న పట్నంలో, 1836లో, తన వంటింట్లోనే మొదటి గ్రాండ్ పియానో తయారుచేశాడని చెబుతారు. 1848లో యూరపు అంతటా విప్లవాలు లేచాయి. ఆయన కొడుకు కార్ల్ ఆ వుద్యమంలో కలిశాడు. విప్లవం అణగిపోయాక దేశంలో నిలవలేక 1849లో అమెరికా చేరాడు. మరుసటి ఏడు కుటుంబం కూడా న్యూయార్క్ చేరింది. ఒక్క పెద్దకొడుకు థియొడోర్ మాత్రం జర్మనీలో వుండిపోయాడు. అమెరికాలో దిగగానే వీళ్లు యజమానులు కాలేదు. తండ్రీ కొడుకులూ మూడేళ్లపాటు ఇతరుల పియానో కార్ఖానాల్లో కూలికి పనిచేశారు. 1853 మార్చి 5న, మన్‌హట్టన్‌లో వారిక్ వీధిలో ఒక అద్దె చోట, సొంత కంపెనీ పెట్టారు. స్టైన్‌వెగ్ అంటే జర్మన్ భాషలో రాతిదారి. న్యూయార్క్ గిరాకీల నోటికి సులువుగా వుండాలని అది స్టైన్‌వే అయింది.

ఇంతవరకు ఇది కష్టజీవుల కథ. ఇందులో ఎవరినీ నిందించడానికి లేదు. పైగా వాళ్లు నిజంగా పనితనం వున్నవాళ్లు. 1855లో న్యూయార్క్ ప్రదర్శనలో వాళ్ల పియానోకు బంగారు పతకం వచ్చింది. 1859లో రెండవతరంలోని హెన్రీ గ్రాండ్ పియానోలో మందర తీగలను మిగతా తీగల మీదుగా అడ్డంగా పరిచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. దీనివల్ల అదే పెట్టెలో పొడుగు తీగలు పడతాయి; వాటి అదురు నాదపలక నడిమికి చేరుతుంది; ధ్వని నిండుగా వస్తుంది. తీగలన్నీ కలిసి లాగే బలువు ఇరవై టన్నుల దాకా వుంటుంది. అది కొయ్య భరించేది కాదు. పోత ఇనుప చట్రం కావాలి. ఆ చట్రం వీళ్లు కనిపెట్టింది కాదు. 1825లోనే బాస్టన్‌లో బాబ్‌కాక్ అనే ఆయన కనిపెట్టాడు. చికరింగ్ కంపెనీ దాన్ని గ్రాండ్ పియానోకు ఎక్కించింది. స్టైన్‌వే వారు ఈ రెంటినీ కలిపి మెరుగుపరిచారు. పియానో ఏ ఒక్కడి మేధస్సులోంచీ పుట్టలేదనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కర్లేదు.

1860లో వాళ్లు ఫోర్త్ ఎవెన్యూలో పెద్ద కార్ఖానా కట్టారు. మూడువందల యాభై మంది కార్మికులు చేరారు. 1865లో హెన్రీ, విప్లవం నుంచి తప్పించుకు వచ్చిన కార్ల్ ఇద్దరూ చనిపోయారు. జర్మనీలో వున్న థియొడోర్‌ను పిలిపించవలసి వచ్చింది. ఆయన మనసంతా శాస్త్రం మీద. హెల్మ్‌హోల్ట్జ్ శబ్దశాస్త్రాన్ని శ్రద్ధగా చదివినవాడు. ఆయనతో వుత్తరప్రత్యుత్తరాలు కూడా జరిపాడు. తమ్ముడు విలియం వ్యాపారం చూసుకునేవాడు.

ఇక్కడ 1872వ సంవత్సరం దగ్గర కొంచెం ఆగుతాను. ఒక కంపెనీ చరిత్రలో ఒక్క ఏడాది ఇంత చెప్పడం అరుదు.

ఆ ఏడు మే నెలలో థియొడోర్ ఒక కొత్త పేటెంటు పొందాడు. అంతకుముందు తీగలో మోగే భాగం మాత్రమే లెక్కకు వచ్చేది. మిగిలిన ముక్కలు మోగకుండా గుడ్డ చుట్టి అణిచేసేవాళ్లు. ఆ ముక్కలను కూడా సరైన కొలతకు తెస్తే అవి అసలు తీగతోపాటు సన్నగా పలికి నాదానికి మెరుగు తెస్తాయని థియొడోర్ పట్టుకున్నాడు. హెల్మ్‌హోల్ట్జ్ శాస్త్రం కార్ఖానాలోకి వచ్చిందన్నమాట.

సరిగ్గా ఆ రోజుల్లోనే న్యూయార్క్ కార్మికులు ఎనిమిది గంటల పనిదినం కోసం సమ్మె కట్టారు. లక్షమంది దాకా పాల్గొన్న సమ్మె అది. స్టైన్‌వే కార్మికులు కూడా అందులో వున్నారు. వాళ్లలో చాలామంది యజమానుల్లాగే జర్మనీ నుంచి వచ్చినవాళ్లు. కంపెనీ కూలి పెంచడానికి సిద్ధపడిందిగాని గంటలు తగ్గించడానికి సిద్ధపడలేదు. కార్ఖానా చుట్టూ పోలీసులు మోహరించారు. చివరకు పది గంటల దినమే నిలిచింది. మూగగా పడివున్న తీగముక్కను పలికించడానికి పేటెంటు తీసుకున్న చోటనే, నోరు విప్పిన మనిషిని అణచడానికి పోలీసులు కావలసివచ్చారు.

అదే ఏడు సెప్టెంబరులో ఆంటన్ రూబిన్‌స్టైన్ అమెరికా వచ్చాడు. ఆనాటి ప్రపంచంలో అగ్రశ్రేణి పియానో విద్వాంసుల్లో ఒకడు, రష్యావాడు. ఆయన యాత్రకు స్టైన్‌వే కంపెనీ అండగా నిలిచింది. ఆయన వాయించేది వాళ్ల పియానో. అంచేత ఆయన వెళ్లిన ప్రతి వూరూ ఆ పియానోకు బజారే. 1866లోనే వీళ్లు న్యూయార్క్‌లో స్టైన్‌వే హాలు కట్టారు. రెండువేల మందికి పైగా పట్టే సంగీత మందిరం. అందులోకి పోవాలంటే అమ్మకానికి పెట్టిన పియానోల మధ్యనుంచి నడిచిపోవాలి. గుడికి పోయే దారికి రెండువైపులా కొబ్బరికాయల దుకాణాలు పెట్టినట్టు. రూబిన్‌స్టైన్ 239 రోజుల్లో 215 కచేరీలు చేశాడు. కచేరీకి 200 డాలర్లు. కాగితం డబ్బు మీద నమ్మకం లేక బంగారం రూపంలో పుచ్చుకున్నాడు. కొన్ని రోజులు ఒకే నాడు రెండేసి, మూడేసి వూళ్లలో వాయించాడు. ఆ డబ్బుతో ఆయన జీవితం కుదుటపడింది. కాని అలాంటి యాత్రలో కళకు చోటు లేదనీ, మనిషి ఒక మరబొమ్మ అయిపోతాడనీ తరవాత తన జ్ఞాపకాల్లో బాధపడ్డాడు. మళ్లీ ఆ దేశం వెళ్లడానికి ఒప్పుకోలేదు.

పియానో చేసేవాడు రోజుకు పది గంటలు. వాయించేవాడు రోజుకు రెండు వూళ్లు. ఇద్దరినీ లెక్కగట్టింది ఒకే వ్యవస్థ. కాని ఈ ఇద్దరూ ఒకరినొకరు ఏనాడూ చూసుకోలేదు. చెయ్యడం వచ్చినవాడికి హాల్లో టిక్కెట్టు కొనే స్తోమతు లేదు. వాయించడం వచ్చినవాడికి కార్ఖానా వైపు చూసే తీరిక లేదు.

ఈ సందర్భంలో మార్క్స్ మాట ఒకటి గుర్తు చేసుకోవాలి. 1857-58లో ఆయన రాసుకున్న ముసాయిదాల్లో, అంటే "గ్రుండ్రిస్సె"లో, పియానో ప్రసక్తి వుంది. పియానో చేసేవాడు ఉత్పాదక శ్రామికుడట, వాయించేవాడు కాడట; వాయించేవాడే లేకపోతే పియానో ఎందుకు, ఇది వెర్రి కాదా అని ఆర్థికవేత్త సీనియర్ తరహా ఆక్షేపణ. వెర్రిగా కనిపించినా పెట్టుబడి లెక్క సరిగ్గా అదేనని మార్క్స్ జవాబు. చేసేవాడు పెట్టుబడిని మళ్లీ పుట్టిస్తాడు. వాయించేవాడు తన శ్రమను వినేవాడి ఆదాయంలో ఒక భాగానికి మార్చుకుంటాడు, అంతే. కొన్నేళ్ల తరవాత "అదనపు విలువ సిద్ధాంతాలు"గా అచ్చయిన రాతల్లో ఈ మాటనే ఇంకొంచెం ముందుకు తీసుకుపోయాడు. గాయని తనంతట తాను పాడి డబ్బు పుచ్చుకుంటే ఉత్పాదక శ్రామికురాలు కాదు. అదే గాయనిని ఒక వ్యాపారి లాభం కోసం కుదుర్చుకుని పాడిస్తే ఉత్పాదక శ్రామికురాలే. పాట మారలేదు, గొంతు మారలేదు, సంబంధం మారింది.

మనవాళ్లు కొందరు ఈ వాక్యాలను పొరపాటుగా చదువుతారు. సంగీతం అనుత్పాదకం గనక తక్కువది అని మార్క్స్ అన్నట్టు చెబుతారు. నా ఉపన్యాసంలో నేనూ అదే చెప్పాను. మార్క్స్ సంగీతానికి విలువ కట్టడం లేదు. పెట్టుబడి సంగీతానికి ఎలా విలువ కడుతుందో చెబుతున్నాడు. పెట్టుబడి చేసే లెక్కను పెట్టుబడికి వ్యతిరేకంగా మాట్లాడే మనం మన లెక్కగా చేసుకుంటే అంతకంటె విపరీతం ఏముంది? రూబిన్‌స్టైన్ యాత్ర ఆ రెండవమాటకు అచ్చమైన ఉదాహరణ. 1872లో విద్వాంసుడూ కార్మికుడూ ఒకే గట్టుకు చేరారు. ఆ సంగతి వాళ్లకు చెప్పేవాళ్లే లేకపోయారు.

విలియం స్టైన్‌వేకు మాత్రం ఏది ఎక్కడ కలుస్తుందో బాగా తెలుసు. 1870-71లో ఆయన నగరానికి అవతల, నది దాటి, క్వీన్స్‌లో ఆస్టోరియా దగ్గర 400 ఎకరాల భూమి కొన్నాడు. అక్కడ కొలిమి, రంపపు మిల్లు పెట్టాడు. కార్మికులకు ఇళ్లు, పిల్లలకు బాలబడి, గ్రంథాలయం, స్నానశాల, పార్కు, పోస్టాఫీసు, చర్చి ఏర్పడ్డాయి. ఊరికి స్టైన్‌వే అని పేరు. ఇది ధర్మబుద్ధితో జరిగిందని మెచ్చుకున్నవాళ్లు చాలామంది. విలియం మాత్రం దాపరికం లేనివాడు. నగరంలో సోషలిస్టులూ, అరాచకవాదులూ కార్మికులను రెచ్చగొడుతున్నారు గనక వాళ్లకు దూరంగా పోదలిచామని తరవాత తానే చెప్పుకున్నాడు. 1848 విప్లవంలో పాల్గొని పారిపోయి వచ్చినవాడు సొంత అన్న. ఇరవై ఏళ్లు తిరిగేసరికి తమ్ముడు విప్లవం పేరు వినపడని చోటు వెతుక్కున్నాడు. మనుషులు చెడ్డవాళ్లు కావడం వల్ల ఇలా జరగదు. కూలి ఇచ్చే స్థానంలోకి పోతే చూపు అలా మారుతుంది.

బాలబడీ గ్రంథాలయమూ మంచివి కావని నేననను. నా బోటి వడ్రంగి కొడుక్కి అవి దొరికితే ఎంత మేలో నాకు తెలుసు. కాని పని యజమానిదీ, ఇల్లు యజమాని వేసిన వూళ్లోదీ అయినప్పుడు, నోరు విప్పేముందు మనిషి భార్యాబిడ్డల వంక చూస్తాడు. ఆ వూరి ప్రణాళికలో అదీ ఒక భాగమే. అయినా ప్రణాళిక పూర్తిగా పారలేదు. 1880లో మళ్లీ సమ్మె వచ్చింది. పియానో యజమానులంతా ఏకమై లాకౌటు చేశారు. నది దాటినంత మాత్రాన వర్గం వెనక వుండిపోదు.

నా పాత ఉపన్యాసంలో ఒక్క మాట మాత్రం తప్పు కాదు, దంతం మాట. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా పియానోల మెట్లకు కావలసిన దంతం కనెక్టికట్ రాష్ట్రంలో ఐవరీటన్, డీప్ రివర్ అనే చిన్న వూళ్లలో కోసేవాళ్లు. ఆ దంతం తూర్పు ఆఫ్రికానుంచి జాంజిబార్ రేవు మీదుగా వచ్చేది. దాన్ని అడవులనుంచి సముద్రానికి మోసినవాళ్లు కూలివాళ్లూ, బానిసలూ. ఆ మోతలో ఎందరు దారిలోనే రాలిపోయారో లెక్క రాసిన దినచర్య లేదు. స్టైన్‌వే వాళ్లు 1950ల నడుమ దంతం వాడకం మానారు. దంతం గురించి మాట్లాడినప్పుడు నేను ఏనుగును తలుచుకున్నాను. మోసిన మనిషిని తలుచుకోలేదు. తప్పు కాని మాటలో కూడా లోపం అదే.

ఇరవయ్యో శతాబ్దపు కథ త్వరగా చెబుతాను. 1926లో కంపెనీ ఆరువేలకు పైగా పియానోలు చేసింది. తరవాత రేడియో వచ్చింది, ఆర్థిక మాంద్యం వచ్చింది. కార్ఖానా కొంతకాలం మూతపడింది. రెండవ ప్రపంచయుద్ధం వచ్చేసరికి చిత్రమైన పరిస్థితి ఏర్పడింది. ఈ కంపెనీకి 1880 నుంచీ హాంబర్గులో రెండో కార్ఖానా వుంది. న్యూయార్క్‌లో పియానో కార్మికులు అమెరికా సైన్యానికి గ్లైడరు విమానాల భాగాలు చేశారు. సైనికుల కోసం ఆకుపచ్చ రంగు వేసిన చిన్న పియానోలు కూడా రెండువేలకు పైగా చేశారు. హాంబర్గులో పియానోల కోసం ఏళ్ల తరబడి ఆరబెట్టిన కొయ్య నాజీల యుద్ధ అవసరాలకు పోయింది. శత్రువును మోసగించే బొమ్మ విమానాలకు సైతం దాన్ని వాడారు. ఒకే పేరు పెట్టుకున్న రెండు కార్ఖానాలు, ఒకే పని నేర్చిన చేతులు, యుద్ధానికి రెండువైపులా.

1962లో న్యూయార్క్ కార్ఖానాలో ఒక మార్పు జరిగింది. మెట్టుకూ సుత్తికీ మధ్యనుండే సన్నని కీళ్లలో వూలు గుడ్డ బదులు టెఫ్లాన్ పెట్టారు. గుడ్డ అరుగుతుంది, టెఫ్లాన్ అరగదు. కాగితం మీద లెక్క సరిగానే వుంది. కాని కొయ్య వానాకాలం వుబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుంటుంది. గుడ్డ దానితోపాటు సర్దుకుంటుంది, టెఫ్లాన్ సర్దుకోదు. కీళ్లు టిక్కుటిక్కుమన్నాయి. ఇరవై ఏళ్లకు మళ్లీ గుడ్డకే వచ్చారు. మా నాన్నను అడిగివుంటే ఒక్క నిమిషంలో చెప్పేవాడు.

1972లో, అంటే ఆ సమ్మె జరిగిన సరిగ్గా నూరేళ్లకు, కుటుంబం కంపెనీని సి.బి.ఎస్. అనే రేడియో, టెలివిజన్ సంస్థకు అమ్మేసింది. 1985లో బాస్టన్ వ్యాపారులు కొన్నారు. 1995లో సెల్మర్ అనే వాద్యాల కంపెనీ యజమానులు కొన్నారు. 1996లో వాటాలు న్యూయార్క్ షేరు బజారుకు ఎక్కాయి. అక్కడ కంపెనీకి పెట్టుకున్న గుర్తు బీథోవెన్ పేరులోని మూడు పొడి అక్షరాలు. 2013లో జాన్ పాల్సన్ అనే ఆయన పెట్టుబడి సంస్థ 51 కోట్ల 20 లక్షల డాలర్లకు మొత్తం కొనేసింది. ఈయన పేరు ప్రపంచానికి తెలిసింది 2007లో. అమెరికాలో ఇళ్ల తాకట్టు అప్పులు కుప్పకూలుతాయని పందెం కాసి వందలకోట్ల డాలర్లు గడించాడు. వంటింట్లో పుట్టిన పియానో చివరికి, ఇళ్లు పోగొట్టుకున్నవాళ్ల కాలంలో పందెం గెలిచినవాడి చేతికి చేరింది. దీనిమీద నేను వేరే వ్యాఖ్యానం చెయ్యనక్కర్లేదు.

2017లో మా అమ్మాయిని చూడడానికి అమెరికా వెళ్లినప్పుడు ఆస్టోరియా కార్ఖానా చూశాను. విలియం ఆ రోజుల్లో అక్కడికి దగ్గర్లోనే జనం వినోదానికి ఒక సముద్రతీరపు తోట వేయించాడు. ఆ చోట ఇప్పుడు లగ్వార్డియా విమానాశ్రయం వుంది. కార్ఖానా మాత్రం కదలలేదు.

లోపల గ్రాండ్ పియానో చుట్టుగోడ వంచడం చూపించారు. మేపుల్ కొయ్యను పలచని పొరలుగా కోసి, పొర మీద పొర జిగురు పూసి పేరుస్తారు. పెద్ద పియానోకు పద్దెనిమిది పొరలు. ఇరవై అడుగులకు పైగా పొడుగున్న ఆ బద్దను ఆరుగురు మోసుకువచ్చి, ఇనుప అచ్చు చుట్టూ ఒక్కసారిగా వంచి, మరలు బిగిస్తారు. జిగురు ఆరేలోపల అయిపోవాలి. థియొడోర్ కాలంనాటి పద్ధతే. మా బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ చేసేవాళ్లు ఒకే పనస దుంగను తొలిచి రూపం తెస్తారు. ఇక్కడ విడివిడి పొరలను కలిపి రూపం తెస్తున్నారు. దారులు వేరు, చెయ్యి ఒక్కటే. ఆ ఆరుగురూ అనేక దేశాలనుంచి వచ్చినవాళ్లు. స్టైన్‌వెగ్ కుటుంబం కూడా అలా వచ్చినదే.

ఇంకో గదిలో ఒక కార్మికుడు ఒంటరిగా కూచుని, పియానో సుత్తుల మీది వున్ని మెత్తను సూదులతో పొడుస్తున్నాడు. ఒక మెట్టు నొక్కుతాడు, వింటాడు, రెండు పోట్లు పొడుస్తాడు, మళ్లీ వింటాడు. నాదం గట్టిగా వుంటే మెత్తబడేదాకా అంతే. అంతకుముందు దాదాపు ఏడాదిపాటు, పన్నెండువేలకు పైగా భాగాల మీద, ఎందరో చేసిన పని ఈ చెవి దగ్గర తేలుతుంది. వాయించడం వచ్చునా అని అడిగాను. నవ్వి, తల అడ్డంగా వూపాడు. నాకు మార్క్స్ వాక్యం గుర్తుకు వచ్చింది. చేసేవాడు వేరు, వాయించేవాడు వేరు అనేది పెట్టుబడి గీసిన గీత. ఆ మనిషి చెవి ఆ గీతకు ఏ వైపున వుంది? నా మటుకు నాకు అతను సంగీతజ్ఞుడే. ఆ పేరు అతనికి ఎవరూ పెట్టలేదు, అతను పెట్టుకోనూ లేదు.

పియానో ఎవరిది? కాగితాల ప్రకారం దాన్ని చేసే కంపెనీ పాల్సన్ సంస్థ కొన్నది. మూతమీద అక్షరాల ప్రకారం అది, వాటాలన్నీ అమ్ముకున్న ఒక కుటుంబానిది. సంగీత సభల్లో అది విద్వాంసుడిది. ఈ మూడు జవాబులూ మనం వింటూనే వుంటాం. నాలుగో జవాబు చెప్పడం అభ్యుదయ రచయితల పని. చెప్పవలసినవాళ్లే పియానోను, దానితోపాటు సంగీతాన్నంతా, ధనికుడి సామానుగా జమకట్టి ధనికుడికే వదిలేస్తే పనివాడికి రెండుసార్లు అన్యాయం జరుగుతుంది. మొదటిసారి అతని శ్రమను యజమాని తీసుకున్నాడు. రెండోసారి అతని పనితనాన్ని మనం కాదన్నాం.

మన దగ్గర పరిస్థితి దీనికి భిన్నంగా లేదు. వీణ మీద పేరు తెచ్చుకున్న విద్వాంసుల పేర్లు పది చెప్పమంటే మన విద్యార్థులు చెబుతారు. పనస దుంగను తొలిచినవాడి పేరు ఒక్కటి చెప్పమనండి. సంగీత చరిత్రలు రాసే ఉపాధ్యాయులు ఈ ప్రశ్న తమకు తాము వేసుకోవాలి. గొల్లపల్లికి వెళ్లి, పెద్దవాళ్లు బతికి వుండగానే, ఎవరు ఎవరి దగ్గర పని నేర్చారో, ఎంత కూలికి చేశారో అడిగి రాసుకురావడం కష్టమైన పనేమీ కాదు. అది కూడా సాహిత్య విమర్శే, సంగీత విమర్శే.

మా నాన్న 1991లో పోయాడు. ఆయన ప్రశ్నకు ఆయన వుండగా నేను జవాబు చెప్పలేదు. నా ఉపన్యాసానికి చప్పట్లు కొట్టినవాళ్లలో కొందరు ఇప్పుడు ఈ పత్రిక చదువుతూ వుండవచ్చు. వాళ్లకు నేను చెప్పేదొకటే. ఆ ఉపన్యాసం మళ్లీ చెయ్యవలసివస్తే దంతాలతోనూ ధనికుల హాళ్లతోనూ మొదలుపెట్టను. మొదటి మెట్టు పక్కన పెన్సిలుతో రాసిన ఆ రెండు పొడి అక్షరాలతో మొదలుపెడతాను.